పెట్టుకున్న రంది కాదది

పక్షవాతంతో పడిపోయిన చెయ్యి మెల్లగా లేస్తోంది. గోడ పట్టుకుని బాత్రూమ్ దాకా నాలుగడుగులు పడుతున్నాయి. బీపీ అదుపులోనే ఉంది, షుగర్ ఫరవాలేదు. రివ్యూకు తీసుకెళ్తే డాక్టరు సంతోషించి మరో నెలకు మాత్రలు రాసి పంపారు. ఇంటికొచ్చాక మాత్రం పెద్దాయన రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు తోసేస్తున్నారు. పిడికిలి బిగించడానికి ఫిజియోథెరపిస్టు ఇచ్చిన మెత్తటి బంతి సోఫా కిందికి దొర్లిపోయి పది రోజులైంది. తీసివ్వమని ఆయన అడగలేదు. పొద్దున్నే పేపర్ కోసం తలుపు దగ్గర కాచుకుని కూర్చునే మనిషి ఇప్పుడు దాని మడతైనా విప్పడం లేదు. చూసిపోయిన చుట్టాలు వయసు కదా అన్నారు. అంత దెబ్బ తగిలాక దిగులుండదా అని పక్కింటివాళ్లన్నారు. హైదరాబాద్‌లో ఏ బస్తీలో, ఏ అపార్ట్‌మెంట్‌లో వాకబు చేసినా ఇలాంటి ఇల్లు ఒకటి తగులుతుంది.

ఈ దిగులుకు తెలంగాణలో ‘రంది’ అని పేరు. ‘రంది వెట్టుకున్నడు’ అంటారు. ఎంతో ఆర్తి ఉన్న మాట. కానీ పెట్టుకున్నవాడు తనంతట తానే దించుకోగలడన్న నమ్మకం కూడా అందులో ఉంది. ‘రంది వెట్టుకోకు బాపూ, మంచిగైతవ్’ అని కొడుకు ప్రేమగానే అంటాడు. ఆ ప్రేమను మేం తప్పుపట్టడం లేదు. అయితే పక్షవాతం వెంట వచ్చే డిప్రెషన్ మనిషి కోరి నెత్తిన పెట్టుకునేది కాదు. ఉత్సాహాన్ని, ఆసక్తిని నడిపే మెదడు దారులు, రసాయనాలు ఆ దెబ్బకే దెబ్బతినవచ్చు. దానికితోడు నిన్నటిదాకా ఇంటిని నడిపినవాడు చొక్కా గుండీ పెట్టుకోవడానికి మరొకరి చెయ్యి కోరాల్సి రావడం. ఈ రెండూ ఒకేసారి మీద పడితే ధైర్యం చెప్పినంత మాత్రాన తీరదు. పక్షవాతం నుంచి బతికి బయటపడిన వారిలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు ఏదో ఒక దశలో డిప్రెషన్‌కు లోనవుతున్నారని పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఎక్కువగా మొదటి ఏడాదిలోనే కనిపిస్తుంది. అంతకుముందే డిప్రెషన్ ఉన్నవారికి, దెబ్బ పెద్దదైనవారికి, ఒంటరిగా ఉండేవారికి ముప్పు ఇంకా ఎక్కువ.

మనసొక్కటే కుంగితే ఒక ఎత్తు. ఇక్కడ ఒళ్లు కూడా వెనక్కి పోతుంది. కోలుకోవడమంటే రోజూ చేసిన కదలికనే మళ్లీ మళ్లీ చేయడం. చేయాలన్న కోరికే చచ్చిపోయినవాడు చెయ్యి ఎందుకు ఎత్తుతాడు? ఫిజియోథెరపీ మానేస్తాడు, మాత్రలు ఎగ్గొడతాడు. తిండీ నిద్రా తప్పుతాయి. డిప్రెషన్ ఉన్న పక్షవాత రోగులు నెమ్మదిగా కోలుకోవడం, వారిలో మరణాలు ఎక్కువగా ఉండటం వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు.

మరి ఎందుకు కనిపెట్టలేకపోతున్నాం? పెద్దవాళ్లు ‘నాకు బాధగా ఉంది’ అని నోరు తెరిచి చెప్పరు. ఒళ్లు నొప్పులంటారు, ఆకలి లేదంటారు, చిన్నమాటకే విసుక్కుంటారు, లేదంటే గోడవైపు తిరిగి పడుకుంటారు. మెదడు ఎడమవైపు దెబ్బతిన్న చాలామందికి మాటే పడిపోతుంది. వాళ్లను ఎలా ఉన్నారని అడిగినా జవాబు రాదు. ముఖాన్ని, తిండిని, నిద్రను చూసి గుర్తుపట్టాలి. రోజంతా దగ్గరుండే భార్యను, కోడలిని, కేర్‌టేకర్‌ను అడిగి తెలుసుకోవాలి. చీటికిమాటికి ఉన్నట్టుండి ఏడ్చేవారు, సందర్భం లేకుండా నవ్వేవారు కొందరుంటారు. అది మెదడు పట్టుతప్పడం వల్ల వచ్చే వేరే ఇబ్బంది. దానికీ వైద్యం ఉంది, కానీ అది డిప్రెషన్ కాదు. ఈ తేడా పట్టుకోవాలంటే చూసే డాక్టరుకు పది నిమిషాలైనా తీరిక ఉండాలి. మన ఓపీల్లో దొరకనిది సరిగ్గా ఆ పది నిమిషాలే.

డిశ్చార్జి కాగితం తీసి చూడండి. రక్తం పలచబడే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర, ఉప్పు తగ్గించమన్న సూచన, ఫిజియోథెరపీ. మనసు గురించి ఒక్క ముక్క కనిపించడం అరుదు. ఎవరైనా డాక్టరు సైకియాట్రిస్టుకు చూపించమని రాసినా ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడతారు. ఈ ఊళ్లో ‘ఎర్రగడ్డ’ అన్న పేటపేరే పిచ్చికి మారుపేరైపోయింది. అక్కడి మానసిక చికిత్సాలయం ఎంతమందికి సాయపడినా ఆ మచ్చ చెరగలేదు. బాపుకు పిచ్చా అన్న ప్రశ్న దగ్గరే చీటీ జేబులోకి వెళ్లిపోతుంది. ఇక పాతబస్తీ సందుల్లో లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉన్న మనిషిని కిందికి దించాలంటేనే ఇద్దరు మగవాళ్లు కావాలి. అటు కూకట్‌పల్లిలో, నిజాంపేటలో పిల్లలు అమెరికాలో ఉంటే మోకాళ్ల నొప్పుల భార్యే నర్సు, ఆమే ఆయా. ఆమె నిద్రలేని రాత్రుల లెక్క ఏ రిపోర్టులోనూ ఉండదు. సేవ చేసేవాళ్లు కుంగిపోవడం కూడా ఈ జబ్బులో భాగమేనని మేం నమ్ముతున్నాం.

వైద్యం లేక కాదు. డిప్రెషన్‌కు మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. మందు గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, తగ్గింది కదా అని మధ్యలో ఆపకూడదు. అలాగని పక్షవాతం వచ్చిన ప్రతివారికీ ముందుజాగ్రత్తగా వేయదగినవీ కావు. బ్రిటన్‌లో 3,127 మందిపై జరిపి 2018లో వెల్లడించిన ‘ఫోకస్’ పరీక్షలో ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందు, పక్షవాత రోగులకు డిప్రెషన్ రావడాన్ని కొంత తగ్గించింది. కానీ చెయ్యి, కాలు కోలుకోవడానికి అది పనికిరాలేదు, పైగా ఎముకలు విరగడం ఎక్కువైంది. ఈ మందుల్లో కొన్ని పెద్దవయసువారిలో ఒంట్లో సోడియం తగ్గిస్తాయి, రక్తం పలచబడే మాత్రలతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెంచుతాయి. కాబట్టి మెడికల్ షాపులో అడిగి వేసుకునే సంగతి కాదిది. నరాల డాక్టరు, మనసు డాక్టరు ఒకరి చీటీ ఒకరు చూసి రాయాల్సిన మందులు.

ఇందుకు కొత్త భవనాలు కట్టనక్కర్లేదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు, అంటే పేటల్లోని చిన్న ప్రభుత్వ క్లినిక్‌లు, నగరమంతటా ఉన్నాయి. బీపీ మాత్రల కోసం పక్షవాత రోగి తరఫున ఎవరో ఒకరు అక్కడికి వస్తూనే ఉంటారు. మాత్రలిచ్చేటప్పుడు నర్సు రెండు ప్రశ్నలడిగితే చాలు: ఈ రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటున్నారా? దిగులుగా, ఆశ లేనట్టు ఉంటున్నారా? అవునంటే సైకియాట్రీ విభాగం ఉన్న గాంధీ ఆస్పత్రికో ఉస్మానియా ఆస్పత్రికో పంపాలి. కదల్లేనివారిని ఇంటికెళ్లి చూడాలి. డిశ్చార్జి కాగితంలో నెల తర్వాత ఒకసారి, మూడో నెలలో మరోసారి ‘మనసు పరీక్ష’ అన్న వరుసను ప్రభుత్వం తప్పనిసరి చేయాలి. ప్రైవేటు ఆస్పత్రులకూ ఇదే వర్తించాలి. మానసిక జబ్బుకు ఒంటి జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. కానీ మన బీమాలు ఎక్కువగా ఆస్పత్రి మంచం ఎక్కితేనే పలుకుతాయి. ఇలాంటి రోగికి కావాల్సింది నెలనెలా ఓపీ. ఆ ఖర్చు బీమా పరిధిలోకి రానంతకాలం చట్టంలోని సమానత్వం ఈ ఇళ్ల గడప దాటదు.

ఇంట్లోవాళ్లకు మా మనవి ఒక్కటే. ‘ధైర్యంగా ఉండు’ అన్న మాటకు బదులు పక్కన కూర్చుని పేపర్ చదివి వినిపించండి. తన పని కొంతైనా తనను చేసుకోనివ్వండి, బటాణీలు వలవడమైనా సరే. ‘నన్ను పోనియ్యండి’ అని ఆయన అంటే చాదస్తమని కొట్టిపారేయకండి, ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. వయోవృద్ధుల సాయానికి 14567 ఉంది.

పత్రికలుగా మా వంతు లోపమూ ఉంది. ఏటా అక్టోబర్ 29న, ప్రపంచ స్ట్రోక్ దినం నాడు మూతి వంకర పోతే, చెయ్యి పడిపోతే నాలుగున్నర గంటల్లో ఆస్పత్రికి చేర్చమని పెద్దక్షరాలతో రాస్తున్నాం. అది రాయాల్సిందే. ఇంటికొచ్చిన మూడో నెలలో ఏం జరుగుతుందో మాత్రం రాయడం లేదు. ఈ ఏడు ఆ పేజీలో సగం దానికే కేటాయిస్తాం.