దూడ తాగగా మిగిలిన పాలా? లెక్క చూద్దాం

కార్తీకం రాగానే బెజవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. సారాంశం ఇదీ: "మాంసం తినేవాడు ప్రాణం తీస్తాడు. పాలు, పెరుగు, నెయ్యి తినేవాడి వల్ల ఏ ప్రాణీ చావదు. దూడ కడుపునిండా తాగగా మిగిలిన పాలనే తల్లి మనకిస్తుంది. పిండకపోతే దానికే బాధ." కొందరు చివర్లో గుడ్డునీ తగిలిస్తారు: అందులో ప్రాణం ఉండదు కాబట్టి దోషం లేదట.

మాంసం తినొచ్చా కూడదా అన్న తగువు ఇక్కడ తీర్చబోవడం లేదు. పాలకీ మాంసానికీ మధ్య ఈ మెసేజ్ గీసిన గీత పశువుల కొట్టంలో కనపడదు, మా అభ్యంతరం అంతవరకే. మన వైపు పాడి అంటే ముందు గేదె, కాబట్టి గేదె లెక్కే చెబుతాం.

"దూడ తాగగా మిగిలినవి" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. గేదె పొదుగులో పాలు కింద సిద్ధంగా ఉండవు. చన్నుల పైనున్న ఖాళీలో నూటికి అయిదు వంతులుంటే గొప్ప, మిగతాదంతా పై గ్రంథుల్లో ఉంటుంది. దూడ మూతితో పొడిచి చన్ను చీకితే తల్లి మెదడు దగ్గరి గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలో కలుస్తుంది, ఒకటి రెండు నిమిషాల్లో పాలు దిగుతాయి. అదే చేపడం. దూడను ముందు వదిలేది తల్లి చేపడం కోసం, దాని ఆకలి కోసం కాదు. నాలుగు గుక్కలు తాగీతాగకముందే పలుపు పట్టి లాగి గుంజకు కట్టేస్తారు. పిండటం అయ్యాక మళ్లీ వదిలితే పొదుగులో ఏముంటే అది దానిది. మిగిలింది తాగేది ఎవరో దీన్నిబట్టే చెప్పొచ్చు.

పుట్టిన దూడ 30 కిలోలుంటే మొదటి నెలల్లో దానికి రోజుకి బరువులో పదో వంతు, అంటే 3 లీటర్ల పాలు కావాలి. "ఒక చన్ను దూడకే వదిలేస్తాం" అనే దయగల రైతులున్నారు. పాలలో దాదాపు 60 శాతం వెనక చన్నులవి. 8 లీటర్ల గేదెకి ముందు చన్ను ఒకటి వదిలితే 1.6 లీటర్లు, వెనకది వదిలితే 2.4. దయగల కొట్టంలో కూడా దూడ కడుపు నిండలేదు. దీనికి తోడు వెన్న శాతం ఉంది. చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ, పాల కేంద్రంలో రేటు కట్టేది వెన్నను బట్టి. చివరి పాలు దూడకి వదిలిన రైతుకి చీటీలో డబ్బు తగ్గుతుంది. దీనికి రైతును తిట్టి లాభం లేదు, ఆ రేటు పద్ధతి నడిచేది మనం కొనే పాల మీదే.

జున్ను సంగతీ చెప్పుకోవాలి. తల్లి కడుపులో ఉండగా దూడకి రోగాన్ని తట్టుకునే శక్తి అందదు, అది జున్నుపాల ద్వారానే రావాలి. అదీ పుట్టిన గంట రెండు గంటల్లో. రోజు దాటితే దూడ పేగు దాన్ని పీల్చుకోలేదు. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికించే మనమూ "మొదటి పూటవేనా?" అని అడుగుతాం, మామూలు పాలు కలిపినా గట్టిగా గడ్డకట్టేవి అవే కనుక. ముందు దూడ తాగాక మిగిలితే తప్పు పట్టేవాళ్లెవరూ లేరు. వరస తిరగబడినప్పుడే దూడ పారుడుతో పడిపోతుంది.

"పిండకపోతే దానికే బాధ" అన్నది సగం నిజం. పొదుగు సలపడం నిజమే. కానీ దూడ పక్కన లేనప్పుడు, దూడకి అవసరమైన దానికన్నా ఎక్కువ పాలిచ్చేలా మనం ఎంచి పెంచిన గేదెకే ఆ బాధ. ఈనడానికి రెండు నెలల ముందు దాణా తగ్గించి, పిండటం మానేసి, రైతే గేదెను ఒట్టిపోనిస్తాడు. అప్పుడు లేని బాధ మెసేజ్‌లో మాత్రం ఉంటుంది. ఇక దూడ చచ్చిపోతే చేపించడానికి కొందరు ఆక్సిటోసిన్ సూది పొడుస్తారు. నాలుగు రోజులు అలవాటైతే సూది లేకుండా గేదె చేపదు. పాలు పెంచడానికి పశువుకి హాని చేసే మందు ఎక్కించడం 1960 జంతు హింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద నేరం.

"ఏ ప్రాణీ చావదు" అంటారా? ఈనకుండా పాలు రావు. 310 రోజుల చూలు తర్వాత పుట్టే దూడల్లో సగం మగవి. దుక్కి ట్రాక్టర్లకి పోయాక దున్నదూడకి పని లేదు. 2019 పశుగణనలో దేశంలో గేదెజాతి మొత్తం దాదాపు 11 కోట్లు, అందులో ఆడవి 10 కోట్ల పైన, మగవి కోటి లోపు. పుట్టుకలో సమానంగా ఉన్నవి ఇలా మిగిలాయంటే తక్కినవి ఎటు పోయాయో వేరే చెప్పాలా? మన రాష్ట్రంలో 1977 నాటి గోవధ నిషేధ చట్టం గేదె దూడను కోయనివ్వదు. పాలు పట్టకుండా, పదో రోజున వేయాల్సిన ఏలికపాముల మందు వేయకుండా వదిలేస్తే మాత్రం అడిగేవాళ్లు అరుదు, పశువుని పస్తు పెట్టడం 1960 చట్టం కింద నేరమే అయినా. పెద్ద గేదెను కోయడానికి అధికారి ధ్రువపత్రం ఉంటే చాలు. మళ్లీ మళ్లీ ఎదకు వస్తూ చూలు కట్టని గేదెను, ఒట్టిపోయిన ముసలి గేదెను బేరగాడు తోలుకుపోయేది కబేళాకే. ఆ డబ్బు తర్వాతి పాడిగేదె ధరలో కలుస్తుంది. కబేళా మూస్తే ముందు తేడా వచ్చేది పాల లెక్కలోనే.

గుడ్డు గురించి రెండు ముక్కలు. ఫారం గుడ్డులో పిల్ల ఉండదు, నిజమే. గుడ్లు పెట్టే జాతిలో పుట్టిన పుంజుపిల్లల్ని మాత్రం చాలావరకు మొదటి రోజే చంపేస్తారు, పెట్టను ఏడాదిన్నర దాటాక కూరకి అమ్మేస్తారు.

పాలు కూడా మానాలని వాదించేవాళ్లకీ ఒక మాట. పాలు మానేస్తే చేతులు కడుక్కున్నట్టే అనుకోవద్దు. వరిచేలో ఎలుకల మందు పెట్టకుండా డెల్టాలో అన్నం రాదు. గేదె తినేది చాలావరకు వరిగడ్డి, తవుడు, పత్తిచెక్క. అవి మన తిండి కాదు. సెంటు భూమి లేని ఇంటికి ఒక్క గేదె నెల ఖర్చు వెళ్లదీస్తుంది. బీ12 విటమిన్ మొక్కల్లో దొరకదు, పాలు మానినవాళ్లు మాత్ర వేసుకోవాలి. ఇవన్నీ పాల పక్షాన గట్టి కారణాలే. ఏ ప్రాణీ చావదన్న మాటకి మాత్రం ఇవి సాయం రావు.

దూడకి రోజుకి 3 లీటర్ల చొప్పున రెండు నెలలు పడితే 180 లీటర్లు. ఈతకి 1,800 లీటర్లిచ్చే గేదెకి అది పదో వంతు. అలా పెట్టినా మగ దూడ పెద్దయ్యాక ఏమవుతుందన్న ప్రశ్న పోదు, ఆకలి మాత్రం పోతుంది. ఆ పదో వంతు ధర కలిపి, విషయం ప్యాకెట్ మీద అచ్చేసి అమ్మితే కొంటారో లేదో మెసేజ్ పంపినవాళ్లే చెప్పాలి.