ఆవగింజంత నిమ్మకాయ

మా బావగారు రఫేల్ కడుతున్నారు. కాగితంతో లెండి, అసలు యుద్ధవిమానం తయారుచేసే దసో కంపెనీ కంగారు పడక్కర్లేదు. స్కేలు 1:33. అసలు విమానం రెక్కల కొస నుంచి కొసకి 10.9 మీటర్లు, ఈయనది 33 సెంటీమీటర్లు. ఉగాదికి మొదలుపెట్టారు. వినాయక చవితి దాటినా అది ఇంకా చక్రాల మీద నిలబడలేదు. కిట్‌లో ఇచ్చినవి ఇచ్చినట్టు అతికించేస్తే పిల్లల ఆటట. డీటెయిలింగ్ చెయ్యాలట.

చేశారు. మాత్రల అట్ట వెనక రేకు సీటు బెల్టయింది. మా అక్క బొట్టుబిళ్లలు లైట్లయ్యాయి. రివెట్ల కోసం వారం రోజులు సూదిమొనతో కాగితాన్ని పొడిచారు. ఒక్కో చుక్క అర మిల్లీమీటరు. 33తో గుణించండి, పదహారున్నర! యుద్ధవిమానానికి కోటు గుండీలు కుట్టారన్నమాట. ఆ మాట ఆయనతో అనే ధైర్యం ఇంట్లో ఎవరికుంది?

దసరా రోజు మా ఎనిమిదేళ్ల పాప నోట్‌బుక్కులో కాగితం చింపి విమానం మడిచింది. ముక్కుకి కుంకుమ పెట్టి, కింద ఒక నిమ్మకాయ పెట్టింది. పొద్దున్నే నా స్కూటర్ చక్రం కింద చూసింది మరి. బావగారు కళ్లజోడు సవరించుకున్నారు.

"నిమ్మకాయ నాలుగున్నర సెంటీమీటర్లమ్మా. ఈ స్కేల్లో మీటరున్నర. నీకన్నా పొడుగు! అంత కాయ ఎక్కడైనా కాస్తుందా?"

అంతలో ఆయనకే వెలిగింది. 2019 అక్టోబరు 8న, సరిగ్గా దసరా నాడే, ఫ్రాన్సులో మన మొదటి రఫేల్‌ని అందుకుంటూ రాజ్‌నాథ్ సింగ్ గారు దాని మీద ఓం రాశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. తన రఫేల్‌కి నిమ్మకాయల్లేవు! ఎంత చారిత్రక లోపం!

లెక్క వేస్తే ఒకటిన్నర మిల్లీమీటరు లోపే. అంటే ఆవగింజ. పోపుల డబ్బా హాల్లోకి వచ్చింది. పట్టకారుతో ఒక్కో గింజా పట్టుకుని, స్కేలు మీద పెట్టి, భూతద్దంలో చూడటం. లావు గింజలకి చీవాట్లు. "చారుకి పోపు పెట్టాలండీ" అని అక్క గుమ్మంలో నిలబడింది. "ఆగు, గ్రేడింగ్ అవుతోంది" అన్నారు. రెండు గంటలకి రెండు గింజలు పాసయ్యాయి. పసుపు రంగు పూసి, పళ్లెంలో ఆరబెట్టారు. అప్పుడొచ్చింది సందేహం. ఫ్రాన్సు నిమ్మకాయ మన కాయకన్నా పెద్దది కాదూ?

ఈలోగా మా పాప నిమ్మకాయ తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టేసింది. "సారీ మావయ్యా" అంది.

దేనికండీ సారీ? దాని విమానం పొద్దున మేడ మీంచి ఎదురింటి కొబ్బరిచెట్టు దాకా ఎగిరింది! ఆర్నెల్లుగా ఒక్క చక్రం నిలబెట్టలేని పెద్దమనిషి దానికి కొలతలు నేర్పుతాడా? పండగపూట పసిపిల్ల చేత తప్పయిందనిపించడానికి ఈయనకేం హక్కుంది? తగలెయ్యండి ఆ స్కేలుని!

ఈ మాటా పైకి అనలేదు. బావగారాయె.

రాత్రి నా చారులో పసుపు రంగు ఆవగింజ ఒకటి తేలింది. అక్క పళ్లెం పళ్లెంగా పోపులో వేసేసినట్టుంది. తీసి కంచం అంచున పెట్టాను. బావగారు మంచం కింద టార్చి వేసి, ఫ్యాను వేసిందెవరని అడుగుతున్నారు.

నేను మజ్జిగ కలుపుకున్నాను.