ఇంకుతున్నది నీరొక్కటే కాదు

రాయలసీమలో తాగునీటి గురించి మాట్లాడితే కరువు, ఫ్లోరైడ్ అనే రెండు మాటల దగ్గరే చర్చ ఆగిపోతుంది. వాటి పక్కనే పెరుగుతున్న మూడో బెడద నైట్రేట్. ఎరువుల్లో, పేడలో, మురుగులో ఉండే నత్రజని నేలలో ఈ లవణంగా మారి నీటిలో కరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాచినా పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. క్లోరిన్ కలిపినా కదలదు. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. కొన్ని ఇతర లవణాలకు ఇచ్చినట్టు, వేరే నీరు దొరకనప్పుడు ఇంతవరకు పర్వాలేదనే సడలింపు దీనికి లేదు. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక ప్రకారం దేశవ్యాప్తంగా పరీక్షించిన నమూనాల్లో దాదాపు ఐదో వంతు ఈ హద్దు దాటాయి.

వానలు మెండుగా పడే చోట పొలాల ఎరువు కాలువల్లోకి, నదుల్లోకి కొట్టుకుపోతుంది. అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులోనూ ఎక్కువ భాగం కొద్ది రోజుల గట్టి వానల్లోనే కురుస్తుంది. ఆ నీటిని వంక దాటనీయకుండా ఆపడానికి చెక్‌డ్యాములు, ఇంకుడు గుంతలు, పంట కుంటలు, కందకాలు తవ్వుకున్నాం. ఆ పని ముమ్మాటికీ సరైనదే. కానీ చేనులోంచి కదిలిన నీటిని ఎక్కడికక్కడ ఇంకించినప్పుడు, అందులో కరిగిన ఎరువు కూడా అదే చేని కిందికి, అదే బోరులోకి, అక్కడి నుంచి అదే ఊరి బిందెల్లోకి చేరుతుంది. నీటి సంరక్షణను ఒక శాఖ, ఎరువులను మరో శాఖ, తాగునీటిని ఇంకో శాఖ చూసుకుంటున్నంత కాలం ఈ దారి ఎవరి కంటా పడదు.

లెక్క చూద్దాం. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే 20.7 కిలోల నత్రజని ఉంటుంది. అదంతా నైట్రేట్‌గా మారితే సుమారు 92 కిలోలు. అందులో నాలుగో వంతు వేళ్లకు అందకుండా కిందికి జారినా, శుభ్రమైన నీటిని ఐదు లక్షల లీటర్ల దాకా 45 మిల్లీగ్రాముల హద్దుకు చేర్చడానికి సరిపోతుంది. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే వంద. ఇదంతా ఒక్క బస్తా సంగతి.

ఎంత జారుతుందన్నది నేలను బట్టి ఉంటుంది. కళ్యాణదుర్గం, ధర్మవరం వైపు ఎర్ర ఇసుక నేలలు నీటిని పట్టి ఉంచలేవు. యూరియా వారం పది రోజుల్లో నైట్రేట్‌గా మారుతుంది. నేల రేణువులు అమ్మోనియాను పట్టుకుంటాయి కానీ నైట్రేట్‌ను పట్టుకోలేవు. ఆ సమయంలో 50 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే అది వేళ్లను దాటి దిగిపోతుంది. ఆదోని, ఆలూరు నల్లరేగడిలో నీరు నెమ్మదిగా ఇంకుతుందని ధైర్యం చెప్పుకుంటాం. కానీ వేసవిలో నెర్రెలు విచ్చిన రేగడిలో తొలకరి నీరు ఆ నెర్రెల గుండా నేరుగా అడుగుకు పోతుంది. వానకు ముందే గుంటక తోలి నెర్రెలు పూడ్చడం తేమ కోసమే కాదు, ఇందుకూ అవసరం. అన్నిటికన్నా ప్రమాదం కొలిమిగుండ్ల, కోవెలకుంట్ల ప్రాంతపు సున్నపురాతి నేలల్లో ఉంది. నీరు బెలుం గుహలను తొలిచింది ఈ రాతిలోనే. దాని సందుల్లోంచి దిగే నీరు మట్టి పొరల్లో వడకట్టుకునే అవకాశమే లేకుండా భూగర్భ జలంలో కలుస్తుంది. పాత కర్నూలు జిల్లాలో ఈ రాతి మీద ఉన్న ఊళ్లకు ఎరువుల సలహాలు వేరుగా ఉండాలి. జిల్లా అంతటికీ ఒకటే అంటే సరిపోదు.

వానాధార వేరుశనగను నిందించడం అన్యాయం. దానికి సిఫారసు ఎకరాకు 18 కిలోల యూరియా, 100 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 33 కిలోల పొటాష్. అంటే యూరియా అర బస్తా కూడా కాదు. వేరుశనగ తన నత్రజనిలో చాలా భాగం వేరు బుడిపెల్లో తానే సమకూర్చుకుంటుంది. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, విత్తేటప్పుడు నత్రజని, భాస్వరం రెండూ ఉన్న డీఏపీ ఎరువు ఒక బస్తా వేస్తారు. దాంతోనే 9 కిలోల నత్రజని అందిపోతుంది. నెలకు ఆకు పచ్చదనం తగ్గిందని పైన ఒక బస్తా యూరియా చల్లుతారు. సున్నం ఎక్కువున్న నేలల్లో ఆ పసుపు రంగు చాలాసార్లు ఇనుప ధాతు లోపం. దానికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) పిచికారీ మందు, యూరియా కాదు.

అసలు బరువు తోటలది. పులివెందుల, లింగాల, నార్పల, పుట్లూరు వైపు అరటిలో ఎకరాకు 1,200 మొక్కల చొప్పున, మొక్కకు 200 గ్రాముల నత్రజని వేసినా 240 కిలోలు అవుతుంది. యూరియాలో చెప్పాలంటే పదకొండున్నర బస్తాలు. వేరుశనగకు ఇది దాదాపు ముప్పై రెట్లు. కాబట్టి ఒక మండలంలో ఎక్కడ మొదలుపెట్టాలన్నది తేల్చడం కష్టం కాదు: అరటి, చీనీ (బత్తాయి) తోటల కింద ఉన్న తాగునీటి బోర్లు.

ఈ తోటలన్నిటికీ డ్రిప్ ఉంది కదా, ఇంకేం పోతుంది అనుకుంటే పొరపాటు. గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పర్లు మొక్కకు రెండు ఉంటే గంటకు ఎనిమిది లీటర్లు. ఎండాకాలంలో పెద్ద అరటి చెట్టుకు రోజుకు ఇరవై లీటర్లు చాలనుకుంటే రెండున్నర గంటలు సరి. కరెంటు తొమ్మిది గంటలు ఉంటుంది, కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్ ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపూ నడిస్తే మొక్కకు 72 లీటర్లు పడుతుంది. వేరు తాగలేని 50 లీటర్లు ఎరువును కడిగి కిందికి తీసుకుపోతాయి. పొద్దున్నే ఎరువు వదిలి, ఆపైన రోజంతా నీళ్లు పారించడం అంటే డబ్బు పెట్టి కొన్న ఎరువును బోరులో పోసుకున్నట్టే. నీళ్లు పారే సమయాన్ని మూడు భాగాలు చేసుకోవాలి. మొదటి భాగం ఒట్టి నీరు, రెండో భాగంలో ఎరువు, చివర పావుగంట, ఇరవై నిమిషాలు పైపులు కడిగేంత నీరు, ఆపైన మోటారు బందు. వారానికోసారి ఎక్కువ మోతాదు కన్నా వారానికి రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా ఇవ్వడం మేలు. స్టార్టర్ పక్కన ఒక టైమర్ పెడితే ఈ పనిలో సగం అదే చేస్తుంది.

ఇంకో లోపం చిన్నదే, కానీ దాని ఫలితం తీవ్రం. డ్రమ్ములోని ఎరువు ద్రావణాన్ని పైపులోకి పీల్చే వెంచురీతో ఎరువు ఎక్కుతున్నప్పుడు కరెంటు పోతే, పైపులోని నీరు వెనక్కి బోరులోకి జారుతుంది. దాంతోపాటు డ్రమ్ములోని ఎరువు ద్రావణం కూడా. దీన్ని ఆపేది బోరు మూతికీ వెంచురీకీ మధ్య ఉండాల్సిన, నీటిని వెనక్కి రానీయని నాన్‌రిటర్న్ వాల్వ్ ఒక్కటే. చాలాచోట్ల అది ఉండదు, లేదా ఇసుక పట్టి మూసుకోదు. డ్రిప్ మొత్తం ఖర్చులో దాని ధర లెక్కకు రాదు. రాయితీ ఇచ్చే ముందు జరిగే తనిఖీలో ఈ వాల్వ్‌ను తప్పనిసరి చేయాలి. ఏటా ఒకసారి విప్పి శుభ్రం చేయాలని రైతుకు చెప్పాలి. మందు కొట్టే డ్రమ్ములు నింపేటప్పుడు గొట్టాన్ని ద్రావణంలో ముంచడం వల్ల జరిగేదీ ఇదే. గొట్టం మూతికీ డ్రమ్ము నీటికీ మధ్య జానెడు ఎడం ఉంచాలి.

బోర్ల విషయానికొస్తే, కేసింగ్ (బోరు గొట్టం) దింపాక దాని చుట్టూ మిగిలే సందును సిమెంటు ముద్దతో పూడ్చడం మన దగ్గర అరుదు. పైన మట్టి కప్పి వదిలేస్తారు. వాన నీరు కేసింగ్ పక్కనుంచే అడుగుకు దిగుతుంది. తాగునీటి బోరుకు కేసింగ్ నేల మీద కనీసం అడుగు ఎత్తుండాలి, చుట్టూ బయటికి వాలే సిమెంటు చప్టా ఉండాలి. ఎండిన బోర్లు మరీ ప్రమాదం. పిల్లలు పడతారని మూతలు పెడుతున్నారు, మంచిదే. లోపల పూడ్చకపోతే అది పొలం నీటికి భూగర్భంలోకి రహదారి. కిందినుంచి కంకర, మట్టి, పై పదడుగులు బంకమట్టి లేదా సిమెంటుతో మూయాలి. బోరు చుట్టూ గుంత తవ్వి, కేసింగ్‌కు రంధ్రాలు వేసి, జల్లెడ చుట్టి నీటిని దింపే రీఛార్జ్ పద్ధతి ఇంటి కప్పు నీటికి తగింది. అరటి తోట మురుగు నీటికి తగింది కాదు. ఇసుక, కంకర పొరలు బురదను ఆపుతాయి, కరిగిన నైట్రేట్‌ను ఆపలేవు.

కేసీ (కర్నూలు-కడప) కాలువ కింది వరి మళ్ల కథ వేరు. అక్కడ మళ్లలోంచి వదిలిన నీరు కుందూ నదిలో కలుస్తుంది, రాజోలి ఆనకట్ట దగ్గర మళ్లీ కాలువలోకి మళ్లుతుంది. పై ఊరి మురుగు కింది ఊరి సాగునీరు. కొన్నిచోట్ల ఎండాకాలం కోసం నింపుకునే సమ్మర్ స్టోరేజ్ చెరువుల ద్వారా తాగునీరు కూడా. మడిలో నీరు తీసేసి, బురద పదునులో యూరియా వేసి, ఒకటి రెండు రోజులకు పలచగా నీరు పెట్టి, ఆపైన నాలుగైదు రోజులు మడవ (నీరు పోయే గండి) విప్పకుండా ఉండటం ఇక్కడ అతి చౌకైన రక్షణ. ఎరువుల్లోని మరో పోషకం భాస్వరం మట్టితోపాటే కదులుతుంది కాబట్టి చెరువుల్లో పాకుడు పెరగడానికి గట్లు తెగిన చేలు ఒక ముఖ్య కారణం. వంక అంచున మూడు నాలుగు మీటర్ల గడ్డి పట్టీ, వేరుశనగలో 3.6 మీటర్లకొక నీటి సాలు, పంట కుంట మూతి దగ్గర పూడిక గుంత దీన్ని బాగా తగ్గిస్తాయి. వీటితో నైట్రేట్ కూడా ఆగుతుందని మాత్రం ఆశపడొద్దు.

నైట్రేట్ అంతా యూరియాదే అనడం కూడా తప్పు. ఊరి నడుమ చేతిపంపులో ఎక్కువగా, చేని బోరులో తక్కువగా వస్తే కారణం మరుగుదొడ్డి గుంతలు, పెంటదిబ్బలు. ఒకే చోట ఏళ్ల తరబడి గొర్రెల దొడ్డి ఉన్నా అంతే. గొర్రెల మంద కట్టిన చేనికి యూరియా తగ్గించాలన్న సంగతి ముసలి రైతులకు తెలుసు. ఇప్పుడు మందా కడుతున్నారు, బస్తాలూ వేస్తున్నారు.

ఈ తేడా పట్టుకోవాలంటే పరీక్ష కావాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లకు ఇచ్చిన కిట్లలో నైట్రేట్ పరీక్ష ఉంది, మహిళలకు శిక్షణ కూడా ఇచ్చారు. మేలో ఒకసారి, వానలు వెనకబట్టాక నవంబరులో ఒకసారి చేయాలి. పది నిమిషాలు మోటారు నడిపి, సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి పట్టాలి. ల్యాబుకు పంపేదైతే చల్లగా ఉంచి రెండు రోజుల్లోపు చేర్చాలి. ఎండలో వారం పెట్టిన సీసా ఫలితానికి విలువ లేదు. ఆ అంకె ఊరి కార్యాలయం ఫైల్లో కాక, యూరియా అమ్మే రైతు సేవా కేంద్రం గోడ మీద ఉండాలని మా అభిప్రాయం. రూ.266.50కి యూరియా బస్తా దొరుకుతుంటే, పొటాష్ దానికన్నా ఎన్నో రెట్లు ఖరీదైతే, రైతు చేయి దేనివైపు వెళ్తుందో చెప్పనక్కర్లేదు. ఈ ధరల వంకర సరిచేయాల్సింది ఢిల్లీ. రాష్ట్రం చేయగలిగిందీ ఉంది. 2025-26 దాకా అని 2023లో కేంద్రం తెచ్చిన పీఎం ప్రణామ్ పథకం, రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రానికి అలా మిగిలిన రాయితీలో సగం తిరిగి ఇస్తామంది. ఆ సొమ్ము వస్తే మొదట తాగునీటి బోర్ల చుట్టూ ఉన్న తోటలకు టైమర్లు, వాల్వులు, ఆకు పరీక్షల కోసం వెచ్చించాలి. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచే పద్ధతికీ అక్కడే ప్రాధాన్యం ఇవ్వాలి. మొదటి వానకు నేలలోంచి విడుదలయ్యే నైట్రేట్‌ను ఆ మొలకలు పట్టేస్తాయి.

ఈ రోజు అన్నీ సరిదిద్దినా బోరులో అంకె వెంటనే దిగదు. రాతి పగుళ్లలో, మట్టి పొరల్లో ఇప్పటికే చేరింది బయటపడటానికి ఏళ్లు పడుతుంది. అంతవరకు 45 దాటిన ప్రతి బోరు మీద ఎర్ర గుర్తు వేసి, ఆరు నెలల లోపు పసిపిల్లల పాలపొడి కలపడానికి ఆ నీరు వాడొద్దని ఆశా కార్యకర్త ఇంటింటికీ చెప్పాలి. ఆ వయసులో నైట్రేట్ వల్ల రక్తం ఆక్సిజన్‌ను మోయలేక పెదాలు, గోళ్లు నీలం తిరుగుతాయి. తల్లిపాలే తాగే బిడ్డకు ఈ ముప్పు దాదాపు లేదు. ఆర్వో ప్లాంటు నైట్రేట్‌ను తగ్గిస్తుంది, కానీ అది బయటికి వదిలే నీటిలో అదే నైట్రేట్, ఫ్లోరైడ్ మరింత చిక్కగా ఉంటాయి. ఆ గొట్టం పక్కనున్న ఇంకుడు గుంతలోకి పోతోందో లేదో పంచాయతీ ఈ వారమే వెళ్లి చూడాలి.