పులుపు తెలిసిన నాలుకకు నూనెతో పనేమిటి?

డిసెంబరు వచ్చిందంటే హైదరాబాద్‌లో ఏ ఇంట చూసినా అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో దిగిన చుట్టాలే. పెళ్లిళ్లు, విందులు, మధ్యలో వీలు చూసుకుని ఒక ఫుల్ బాడీ చెకప్. రిపోర్టు చేతికి రాగానే అందరిదీ ఒకటే మాట: "డాక్టరు నూనె తగ్గించమన్నాడు." ఆ సాయంత్రం అందరూ కలిసి గచ్చిబౌలిలో ఏ రెస్టారెంటుకో వెళ్తారు. మిగతావాళ్లు మెనూ అంతా తిరగేస్తుంటే ఆ మనిషి మాత్రం కీరదోస ముక్కలు, ఉడకబెట్టిన బ్రకోలీ ముందేసుకుని కూర్చుంటారు. ఆ పట్టుదల నాలుగు రోజులుంటుంది. తర్వాత మళ్లీ బిర్యానీ.

నూనె తగ్గించాలంటే రుచి వదులుకోవాల్సిందే అన్న ఈ నమ్మకం మనకు చాలా చెరుపు చేస్తోంది. ప్రపంచంలో ఎన్నో వంటలకు రుచి పులుపు వల్ల వస్తుంది, కారం వల్ల వస్తుంది, పులియబెట్టడం వల్ల, పచ్చి ఆకుల ఘాటు వల్ల వస్తుంది. ఇవన్నీ మనకు చిన్నప్పటి నుంచీ అలవాటైన రుచులే. నిప్పుల మీద కాల్చిన పచ్చిమిరపకాయ నలిపి వేసిన పచ్చిపులుసుతో అన్నం తిని పెరిగినవాళ్లం. మన నాలుకకు నప్పే తేలికైన వంటలు థాయ్‌లాండ్‌లో ఉన్నాయి, ఇథియోపియాలో ఉన్నాయి, యెమెన్‌లో ఉన్నాయి, మెక్సికోలో ఉన్నాయి. వాటిని వెతుక్కోవడం మానేసి 'లో ఫ్యాట్' అని రాసిన డబ్బాలు కొనుక్కుంటున్నాం. ఆ డబ్బాల్లో చాలావాటికి, కొవ్వు తీసేసినచోట చక్కెర కలుపుతారు.

ముందు లెక్క చూడండి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి వంటనూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలు. ఒక టేబుల్ స్పూన్ నూనె దాదాపు 14 గ్రాములు తూగుతుంది. అంటే పోపుకీ, వేపుడుకీ, దోశకీ, ఆవకాయ మీద తేలే నూనెకీ కలిపి రోజంతటికీ రెండు టేబుల్ స్పూన్లు. పిండిపదార్థంలో, మాంసకృత్తుల్లో గ్రాముకు 4 కేలరీలుంటే కొవ్వులో 9 ఉంటాయి. అందుకే కాస్త చెయ్యి జారినా లెక్క తప్పుతుంది.

థాయ్ రెస్టారెంటులో సూప్ తెప్పించుకునేటప్పుడు ఈ లెక్క బాగా పనికొస్తుంది. టామ్ యమ్ అనే పుల్లటి సూప్‌ను తేటగానూ, చిక్కగానూ రెండు రకాలుగా చేస్తారు. తేటగా చేసేదాంట్లో నిమ్మగడ్డి, గలంగల్ (అల్లం జాతి దుంప), నిమ్మరసం, మిరపకాయలు తప్ప కొవ్వు దాదాపు ఏమీ ఉండదు. టామ్ ఖా అనే సూప్ మాత్రం కొబ్బరిపాలతోనే చేస్తారు. చిక్కటి డబ్బా కొబ్బరిపాలలో 100 గ్రాములకు సుమారు 20 గ్రాముల కొవ్వు ఉంటుంది. గిన్నెలో అరకప్పు పాలు పడ్డాయంటే ఆ రోజు నూనె కోటాకు దాదాపు సరిపడా కొవ్వు సూప్‌తోనే లోపలికి పోయినట్టు. రెండూ ఒకే దేశం వంటలు, మెనూలో ఒకే పేజీలో ఉంటాయి. కాబట్టి "థాయ్ ఫుడ్ ఆరోగ్యానికి మంచిదా?" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. ఏ వంటకం, ఎలా వండారు అని అడగాలి.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఊళ్లు దాటి వెళ్లేది ఎప్పుడూ పండగ వంటే. హైదరాబాద్ పేరు చెబితే ప్రపంచానికి బిర్యానీ, హలీమ్ గుర్తొస్తాయి. తోటకూర పప్పు, జొన్నరొట్టె మన ఇళ్లలో రోజూ తినేవైనా వాటిని ఎవరూ బోర్డు మీద రాయరు. మిగతా దేశాలవాళ్ల సంగతీ ఇంతే. జపాన్ అంటే మనకు నూనెలో వేయించిన టెంపురా తెలుసు. పాలకూరను రెండు నిమిషాలు ఉడికించి, నీళ్లు పిండేసి, దాషి అనే తేట రసంలో నానబెట్టి తినే ఒహితాషి తెలియదు. ఇటలీ అంటే వెన్న, చీజ్ దట్టించిన ఆల్ఫ్రెడో తెలుసు, కూరగాయలూ బీన్సూ కలిపి ఉడికించే మినెస్త్రోనె ఎవరూ అడగరు. వియత్నాం వాళ్ల వేయించిన రోల్స్ పక్కనే, బియ్యపు కాగితంలో పుదీనా, రొయ్యలు చుట్టిన పచ్చి రోల్స్ కూడా ఉంటాయి. ఏ దేశంవాళ్లయినా మామూలు రోజున ఇంట్లో ఏం తింటారో కనుక్కుంటే తేలికైన వంటలు వాటంతటవే బయటపడతాయి.

థాయ్‌లాండ్‌వాళ్ల పచ్చి బొప్పాయి సలాడ్ సోమ్ తమ్ చేసే తీరు ఒకసారి చూసి తీరాలి. లోతైన మట్టి రోట్లో ముందు వెల్లుల్లి, మిరపకాయలు వేసి దంచుతారు. తర్వాత తాటిబెల్లం, నిమ్మరసం, చేపల సాస్ పడతాయి. ఆపైన సన్నగా తరిగిన పచ్చి బొప్పాయి, బొబ్బర్లకాయలు, టమాటా వేసి ఒక చేత్తో కర్ర రోకలితో మెల్లగా పోటు వేస్తూ రెండో చేత్తో గరిటెతో కింద నుంచి పైకి తిప్పుతారు. బొప్పాయి నలగకూడదు, కాస్త కమిలి రసం పీల్చుకోవాలి, అంతే. చివర గుప్పెడు వేయించిన వేరుశనగలు. చుక్క నూనె పడలేదు. మనం రోటి పచ్చడి చేసే పద్ధతే ఇది, పోపు ఒక్కటే లేదు. శాకాహారులు చేపల సాస్ బదులు ఉప్పు, కాస్త చింతపండు రసం వేసుకోవచ్చు. పచ్చి బొప్పాయి ఇక్కడ కూరగాయల మార్కెట్లోనూ, విదేశాల్లో ఏషియన్ స్టోర్‌లోనూ దొరుకుతుంది.

హైదరాబాద్‌లోనే ఉన్న మరో ఉదాహరణ బార్కస్. నిజాం సైన్యంలో పనిచెయ్యడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉండే పేట అది. అందరూ అక్కడికి వెళ్లేది మందీ కోసం. ఆ అన్నంలోకి మాంసం కొవ్వు దిగుతుంది, రుచంతా అందులోనే ఉంది కాబట్టి దాన్ని తేలికైన వంట అనలేం. కానీ పక్కన పెట్టే ఎర్రటి పచ్చడి చూడండి: టమాటా, పచ్చిమిర్చి, వెల్లుల్లి, ఉప్పు. వండరు, తాలింపు పెట్టరు. యెమెన్‌లో దాన్ని సహావిక్ అంటారు. మెంతిపిండి నానబెట్టి నురగ వచ్చేదాకా గిలక్కొట్టి చేసే హుల్బా కూడా వాళ్లదే. మెంతుల చేదుకు అలవాటుపడ్డ మనలాంటివాళ్లు దాన్ని ఇంతవరకూ పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. బొగ్గుల మీద కాల్చిన చికెన్ తీసుకుని, స్కిన్ తీసేసి, ఈ పచ్చడి దండిగా నంజుకుంటే కడుపు నిండుతుంది, నోరూ చచ్చిపోదు.

ఇథియోపియా వంట మన తెలుగువాళ్లకు ఎంత దగ్గరో చెప్పడానికి ఈ వ్యాసం చాలదు. టెఫ్ అనే చిరుధాన్యం పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి పెద్ద పెనం మీద ఒకవైపే కాల్చేదే ఇంజెరా. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసం పాటిస్తారు. ఆ రోజుల్లో మాంసం, పాలు, వెన్న ముట్టరు. అందువల్ల పప్పులతో, ఆకుకూరలతో చేసే వంటలు వాళ్లకు బోలెడు. వాటిలో అజీఫా అని ఒకటుంది. ఉడికించిన మసూర్ గింజలను చల్లార్చి, ఆవముద్ద, నిమ్మరసం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ కలుపుతారు. ఆవ పెట్టిన కూరలు ఇష్టపడే గోదావరి జిల్లాలవాళ్లు దీన్ని ఒక్కసారి తింటే వదలరు. ఉపవాసపు వంట అంటే నూనె లేనిదని మాత్రం కాదు. కొన్ని కూరల్లో నూనె బాగానే పోస్తారు, కాబట్టి అడిగి తీసుకోవాలి.

మెక్సికో గురించి ఒక్క మాట. సాయంత్రం ఇక్కడ రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసే ఆడవాళ్లను గమనించండి. అరచేత్తో కొట్టి పెంచిన రొట్టెను పెనం మీద వేసి, పైన నీళ్లు పూసి తిప్పి కాలుస్తారు. అక్కడి మొక్కజొన్న టోర్టియా కూడా అలాగే పొడి పెనం మీద కాలుతుంది. ఉల్లిపాయ, ఉప్పు వేసి కుండలో ఉడికించిన బీన్స్ దానికి జోడీ. టెక్స్-మెక్స్ (అమెరికాలోని టెక్సాస్ తరహా మెక్సికన్ వంట) హోటళ్లలో వచ్చే, కొవ్వులో మెదిపి వేయించిన బీన్స్ వేరు.

పాత వంట వదిలేస్తే ఏమవుతుందో ఒకినావా చూపించింది. జపాన్‌లోని ఆ దీవుల్లో 1949 నాటి భోజనంలో కేలరీల్లో మూడింట రెండొంతులు చిలగడదుంప నుంచే వచ్చేవి, కొవ్వు వాటా 6 శాతం. దీర్ఘాయుష్షుకు పేరుపొందిన ప్రాంతం అది. అమెరికా సైనిక స్థావరాలతో పాటు బర్గర్లూ డబ్బా మాంసమూ వచ్చాయి. 2000 నాటికి, అక్కడి మగవాళ్లు ఆయుర్దాయంలో జపాన్‌లోని 47 ప్రాంతాల్లో 26వ స్థానానికి జారిపోయారు. శివరాత్రికి మాత్రమే చిలగడదుంప ఉడకబెట్టుకునే మనం ఈ సంగతి గట్టిగా ఆలోచించాలి. మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం తేల్చింది.

అయితే కొవ్వు తక్కువైనంత మాత్రాన అంతా మంచిదైపోదు. సోయా సాస్, చేపల సాస్, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) ఇవన్నీ ఉప్పు గనులు. బీపీ ఉన్నవాళ్లు చూసి వాడాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సూప్ తేలికైందని పక్కన రెండు గిన్నెల తెల్లన్నం పెట్టుకుంటే షుగర్ వాళ్లకు ఏం లాభం? ఎదిగే పిల్లలకు నూనె, నెయ్యి కడుపు కట్టేసినట్టు తగ్గించకూడదు. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొంత కొవ్వు కావాలి.

విదేశంలోని మన తెలుగు సంఘం కార్యవర్గానికి ఒక విన్నపం. ఉగాది విందు మెనూ ఏటా ఒకటే: పూరీ, వేపుళ్లు, పనీర్ బటర్ మసాలా, గులాబ్ జామ్. వీటిని తీసెయ్యమని అడగడం లేదు. ఒక్క కౌంటరు మాత్రం వేరుగా పెట్టండి. ఒకవైపు పచ్చిపులుసు, జొన్నరొట్టె, ఇంకోవైపు అజీఫా, సోమ్ తమ్. మీ ఊళ్లలో ఇథియోపియా, థాయ్ వంటవాళ్లు ఉంటారు. వాళ్లను పిలిచి చేయించండి, మన అమ్మలక్కలు కూడా పక్కన నిలబడి నేర్చుకుంటారు. సోమ్ తమ్‌లో చేపల సాస్ వేసిందీ, వెయ్యనిదీ విడివిడిగా పేరు రాసి పెట్టాలి. వేరుశనగలు పక్కన గిన్నెలో ఉంచితే ఎలర్జీ ఉన్న పిల్లలకూ ఇబ్బంది తగ్గుతుంది.