పరమ పిసినారి హెపటైటిస్ బి వైరస్ గారికి

మహారాజశ్రీ వైరస్ గారికి,

ముందుగా తమరి పొదుపుకు ఓ దండం. మా డీఎన్ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలున్నాయి. ప్రోటీన్లు రాయడానికి పనికొచ్చేవి అందులో నూటికి ఒకటో రెండో. తమరివి మొత్తం కలిపి 3,200, జన్యువులు నాలుగు: ఎస్, సి, పి, ఎక్స్. ఖాళీగా కూర్చున్న అక్షరం ఒక్కటి లేదు. సగానికి పైగా అక్షరాలైతే డబుల్ డ్యూటీ!

ఎస్‌ని ఏకంగా పి కడుపులో పెట్టేశారు. మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ పోతే పాలిమరేజ్, అంటే మీ డీఎన్ఏ రాసే ఎంజైము వస్తుంది. అదే వరస ఒక్క అక్షరం జరిపి చదివితే మీ పైచొక్కా ప్రోటీన్. ద్వ్యర్థి కావ్యం రాయడానికి మా కవులు పడ్డ పాట్లు చూస్తే మీకు నవ్వొస్తుంది కాబోలు. కాకపోతే అతి పొదుపులో చిక్కూ ఉంది. మందుకు దొరక్కూడదని పి లో ఓ అక్షరం మారిస్తే, చాలాసార్లు అడుగునున్న ఎస్ కూడా మారిపోతుంది.

ఇక తమరి రాక. పైత్యరస లవణాల కోసం కాలేయ కణం పెట్టుకున్న ఎన్‌టీసీపీ అనే తలుపులోంచే దర్జాగా దూరారు. వచ్చేటప్పుడైనా డీఎన్ఏ పూర్తిగా అల్లుకుని రావచ్చుగా? ఒక పోగు మొత్తం ఉంది, రెండోది సగంలో వేలాడుతోంది. మా రిపేరు ఎంజైములకేమో తెగిన దారం కనిపిస్తే చేతులు ఊరుకోవు. మిగతాది అల్లి, కొసలు అతికి, పక్కా వలయం చేసి చేతిలో పెట్టాయి. సీసీసీడీఎన్ఏ అంటే అదే. తమరు మా డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్లే కప్పుకుని కణకేంద్రకంలో ఏకై వచ్చి మేకై కూర్చున్నారు.

నకళ్లు తీసే మిషనూ మాదే. 3,200 అక్షరాల వలయం నుంచి 3,500 అక్షరాల ఆర్ఎన్ఏ తీయించారే, అది మాత్రం మెచ్చుకోవాలి! చుట్టూ తిరిగి, మొదలుపెట్టిన చోటు దాటి ఇంకాస్త లాగించడమన్నమాట. దాన్ని డబ్బాలో పెట్టి మళ్లీ డీఎన్ఏగా తిరగరాస్తారు. రెండో పోగు మళ్లీ సగంలోనే ఆపేస్తారు. ఎలాగూ తర్వాతి కణం వాళ్లు అల్లిపెడతారని ధీమా.

ఇంత పిసినారికీ ఒక్క దుబారా ఉంది: చొక్కాలు. 42 నానోమీటర్ల అసలు వైరస్ ఒకటి బయటికొస్తే, లోపల ఏమీ లేని 22 నానోమీటర్ల ఉత్త చొక్కాలు వేలకు వేలు. మా యాంటీబాడీలు వాటి వెంటపడుతుంటే తమరు సందు చూసుకుని జారుకుంటారు.

పట్టించిందీ ఆ చొక్కాలే లెండి. 1965లో అమెరికా శాస్త్రవేత్త బ్లంబర్గ్ బృందం రక్తంలో కనిపెట్టిన ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అదే. ఆయనకు 1976లో నోబెల్ వచ్చింది. తర్వాత తమరి ఎస్ జన్యువును ఈస్ట్‌కిచ్చి కుట్టించిన చొక్కాలతోనే 1986 నుంచి టీకా వేస్తున్నాం. లోపల తమరు ఉండరు, చొక్కా మాత్రమే. ముందుగా అది వేయించుకున్న ఇళ్లలో తమరికి గుమ్మం దాటడం కష్టం.

ఇప్పటికే లోపల తిష్ఠ వేసిన చోట మాత్రం మా మందులు తిరగరాతను ఆపగలుగుతున్నాయి గానీ, కేంద్రకంలోని ఆ వలయాన్ని కదపలేకపోతున్నాయి. అల్లిందీ అతికిందీ మా ఎంజైములే కదా, గట్టిగానే అతికాయి.

ఇట్లు,
దారం, మిషను, కూలీ అన్నీ ఇచ్చుకున్న
కాలేయం ఓనరు