తప్పు కెర్నల్‌ది కాదు, చంక్‌ల లెక్కది

"కెర్నల్ అప్‌గ్రేడ్ చేస్తే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పాడవుతుంది. 20 జీబీ ఖాళీ కనిపిస్తున్నా డిస్క్ నిండిందంటుంది. పాత కెర్నల్‌కి వెళ్లండి, పెద్ద ఫైళ్లు తీసేయండి, ఫుల్ బ్యాలెన్స్ నడపండి, అదీ కాకపోతే చెక్ రిపేర్." లినక్స్‌లో ఫైళ్లు దాచే పద్ధతుల్లో (ఫైల్‌సిస్టమ్‌లలో) ఒకటైన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గురించి, లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ గురించి చాలామంది పంచుకుంటున్న సలహా ఇది. ఇందులో జబ్బు లక్షణం ఒక్కటే నిజం. మందులు దాదాపు అన్నీ తేడాయే.

ముందు ఆ 20 జీబీ సంగతి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డిస్క్‌ని చంక్‌లుగా, అంటే పెద్ద ముక్కలుగా పంచుతుంది. డేటాకి సాధారణంగా 1 జీబీ చొప్పున, మెటాడేటాకి (ఫైళ్ల వివరాలకి) చిన్న డిస్కుల్లో 256 ఎంబీ చొప్పున. డేటాకి ఇచ్చేసిన చంక్ సగం ఖాళీగా ఉన్నా మెటాడేటాకి పనికిరాదు. మామూలుగా ఖాళీ జాగా చూసే డీఎఫ్ కమాండ్ చూపించే ఖాళీలో చాలా భాగం అక్కడే ఇరుక్కుని ఉంటుంది. అందుకే చూడాల్సింది డీఎఫ్ కాదు, ఫైల్‌సిస్టమ్ యూసేజ్ కమాండ్ చూపే 'అన్‌అలొకేటెడ్' లైను, అంటే ఇంకా దేనికీ పంచని జాగా. అది సున్నాకి దగ్గరపడి, మెటాడేటా కూడా నిండిందంటే మీ సమస్య అదే.

మరి అప్‌గ్రేడ్ రోజే ఎందుకు? చాలా సిస్టమ్‌లలో అప్‌గ్రేడ్‌కి ముందొక స్నాప్‌షాట్ (ఆ క్షణాన ఫైళ్లు ఎలా ఉన్నాయో పట్టి ఉంచేది), తర్వాత ఇంకొకటి పడతాయి. పైగా కొత్త కెర్నల్ మాడ్యూల్స్ ఫైళ్లు. నిండుకుండ తొణకదంటారు గానీ, ఈ కుండ ఒక్క చుక్కకే పొర్లుతుంది. కెర్నల్ ఎప్పుడూ అమాయకమే అననులెండి. 5.4లో డీఎఫ్ ఖాళీని సున్నాగా చూపించే బగ్ నిజంగానే ఉండేది, తర్వాత సరిచేశారు. కానీ చంక్‌ల పంపకం ఉండేది డిస్క్ మీద. పాత కెర్నల్‌తో బూట్ చేసినంత మాత్రాన అది మారదు.

ఫైళ్లు తీసేయడమా? స్నాప్‌షాట్ పట్టుకుని ఉన్న ఫైలుని తీసేసినా జాగా రాదు. పైగా కాపీ ఆన్ రైట్‌లో (పాతదాని మీద కాక, మార్పుని కొత్తచోట రాసే ఈ ఫైల్‌సిస్టమ్ పద్ధతిలో) తీసేయడమూ ఒక రాతే, దానికీ మెటాడేటాలో చోటు కావాలి. తీయాల్సింది పాత స్నాప్‌షాట్లు. వాటి జాగా కూడా వెంటనే రాదు, వెనకాల క్లీనర్ పని ముగిసేదాకా ఆగాలి.

ఫుల్ బ్యాలెన్స్ నేనూ ఒకసారి నడిపి, రాత్రంతా టెన్షన్ పడ్డాను. బ్యాలెన్స్ అంటే చంక్‌లో ఉన్నదాన్ని వేరేచోట రాసి పాతదాన్ని వదిలేయడం. రాయడానికి చోటే లేనప్పుడు ఎలా? డేటాకి మాత్రమే యూసేజ్ ఫిల్టర్ (అంత శాతం లోపు నిండిన చంక్‌లనే కదిలించేది) పెట్టి 0తో మొదలుపెట్టండి, తర్వాత 5, 10, ఇలా పెంచండి. మెటాడేటా జోలికి వెళ్లొద్దు, దాన్ని కుదిస్తే మళ్లీ అదే గోతిలో పడతారు. 0కి కూడా కదలకపోతే ఒక యూఎస్‌బీ డ్రైవ్‌ని తాత్కాలికంగా జత చేసి, బ్యాలెన్స్ అయ్యాక కమాండ్‌తోనే తొలగించండి. అది పూర్తయ్యేదాకా డ్రైవ్ పీకొద్దు. ర్యామ్‌డిస్క్ (ర్యామ్‌లో చేసే డిస్క్) అసలే వద్దు, కరెంటు పోతే దాని మీదకి వెళ్లిన చంక్‌లూ పోతాయి.

ఈలోపు ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీకి (చదవనిస్తుంది, రాయనివ్వదు) పడిపోతే రీమౌంట్‌తో లేవదు. పూర్తిగా అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ నుంచి విడదీసి), ఆగిన బ్యాలెన్స్‌ని తిరిగి మొదలుపెట్టనివ్వని స్కిప్ బ్యాలెన్స్ ఆప్షన్‌తో మళ్లీ మౌంట్ చేయాలి.

ఇక రిపేర్. అది నిర్మాణం దెబ్బతిన్న ఫైల్‌సిస్టమ్ కోసం. తెలిసినవాళ్లు చెబితే తప్ప వాడొద్దని దాని మాన్యువలే హెచ్చరిస్తుంది. నిండిన డిస్క్‌కి దాంతో పనిలేదు. లాగ్‌లో చెక్‌సమ్ తప్పులు (డేటా చెడిందని చెప్పేవి) కనిపిస్తే అది వేరే జబ్బు, అప్పుడు కూడా ముందు బ్యాకప్, తర్వాతే ఏదైనా.