"నేనెవరో చెప్పు చూద్దాం" అని మా నాన్నను అడగకండి

మొన్న ఆదివారం గుంటూరులో మా బ్రాడీపేట ఇంటికి శుభలేఖ ఇవ్వడానికి దగ్గరి చుట్టాలు నలుగురు వచ్చారు. చెప్పులు విప్పి లోపలికి వచ్చీ రాగానే ఒకాయన నేరుగా నాన్న కుర్చీ ముందుకు వెళ్లి, ముఖంలో ముఖం పెట్టి, "ఏం మామయ్యా, నేనెవరో చెప్పు చూద్దాం" అని గట్టిగా అడిగాడు. నాన్న నవ్వారు. ఎదుటి మనిషి నొచ్చుకుంటాడేమోనని తెచ్చిపెట్టుకున్న నవ్వు అది. "చెప్పు, చెప్పు, నా పేరేమిటి?" అంటూ ఆయన ఇంకా ముందుకు వంగాడు. నాన్న నా వైపు చూశారు, మళ్లీ ఆయన వైపు చూశారు, భుజం మీది కండువా కొసను వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టారు. పక్కనున్న ఆవిడ "పాపం, అంతా మరిచిపోయారండీ" అంది. నాన్నకు వినబడేలాగే అంది.

వాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయాక నాన్న నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగారు. "అమ్మాయ్, వాళ్లకు నేనేమైనా బాకీ ఉన్నానా?"

ఆ రాత్రి బీరువాలోని బట్టలన్నీ తీసి కింద పెట్టి, ఖాతా పుస్తకం కోసం వెతుకుతూనే ఉన్నారు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ముప్పై ఎనిమిదేళ్లు గుమస్తాగా చేసిన మనిషి. ఎవరైనా ఎదురుగా నిలబడి నిలదీశారంటే ఆయనకు లెక్కలో తేడా వచ్చినట్టే. వచ్చినవాళ్లకు అర నిమిషం సరదా. మా ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. అందుకే ఇది రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను.

నాన్నకు అల్జీమర్స్ అని తేలి మూడేళ్లయింది. అంతకు ముందు రెండేళ్లు మేమూ చాదస్తమనే అనుకున్నాం. అది మా తప్పు. డాక్టరు మొదట రక్త పరీక్షలు చేయించారు. బి12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు రావచ్చట, దానికి మందులున్నాయట. మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిందే చెబుతున్నా, వంట మధ్యలో ఏం చేస్తున్నారో మరిచిపోతున్నా, వయసు మీద వేసి ఊరుకోకుండా ముందు ఆ పరీక్షలు చేయించండి.

తర్వాత డాక్టరు ప్రశ్నలు అడిగారు. ఇది ఏ సంవత్సరం, ఏ ఊరు, మనం ఎన్నో అంతస్తులో ఉన్నాం. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నారు. నాన్న 93 అన్నారు. అక్కడ ఆగిపోయారు. వంద టిక్కీల, అంటే మిర్చి బస్తాల తూకం, తరుగు, కమీషన్, హమాలీల కూలి అన్నీ కాగితం లేకుండా నోటితో కట్టి చెప్పిన మనిషి 93 దగ్గర ఆగి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నేను గది బయటికి వచ్చేశాను.

డాక్టరు అడగడానికి ఒక కారణం ఉంది. జబ్బు ఎంతవరకు వచ్చిందో తెలియాలి. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో అలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు కూడా ఆగస్టె డీటర్ అనే రోగిని ఇలాగే అడిగాడు. నీ పేరేమిటంటే ఆగస్టె అంది. నీ భర్త పేరేమిటని అడిగినా ఆగస్టె అనే చెప్పింది. 1906లో ఆమె చనిపోయాక మెదడును పరీక్షించి ఆయన చెప్పిన సంగతులతోనే ఈ జబ్బుకు ఆ పేరు వచ్చింది. ఆయన అడిగిన దానివల్ల లోకానికి ఒక జబ్బు సంగతి తెలిసింది. శుభలేఖ ఇవ్వడానికి వచ్చి మీరు అడిగే దానివల్ల ఎవరికి ఏం తెలుస్తుంది? ఆయన మరిచిపోయారని మీకు ముందే తెలుసు కదా!

మెదడులో హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. కొత్త సంగతులు నిలవాలంటే అది పని చేయాలి. ఈ జబ్బు చాలామందిలో మొదట దెబ్బతీసేది దాన్నీ, దాని చుట్టుపక్కలనూ. పొద్దున ఇడ్లీ తిన్న సంగతి నాన్న మెదడులో అసలు పడటమే లేదు. "కొంచెం ఆలోచించు, గుర్తొస్తుంది" అంటే ఎలా వస్తుంది? చిట్టాలో రాయని పద్దును ఖాతాలో చూపించమన్నట్టు ఉంటుంది.

కానీ మనసుకు తగిలింది ఉండిపోతుంది. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు అల్జీమర్స్ ఉన్నవాళ్లకు ఏడిపించే సినిమా ముక్కలు కొన్ని, నవ్వించేవి కొన్ని చూపించారు. కాసేపటికి ఏం చూశారో చాలావరకు మరిచిపోయారు. ఆ దుఃఖం, ఆ సంతోషం మాత్రం వాళ్లలో మిగిలే ఉన్నాయి. నాకు ఇది చదివినప్పుడు బీరువా ముందు బట్టల కుప్ప గుర్తొచ్చింది. వచ్చిందెవరో నాన్నకు పది నిమిషాల్లో పోయింది. తప్పు చేశానన్న దిగులు మాత్రం తెల్లవారే దాకా ఉంది.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పడం నాకు కష్టం. అమ్మ పోయి ఆరేళ్లయింది. సాయంత్రం లైట్లు వేసే వేళకు నాన్న "మీ అమ్మ ఏదమ్మా?" అంటారు. మొదట్లో నేను ఉన్నమాటే చెప్పాను. ఆయన అప్పుడే విన్నట్టు కుప్పకూలిపోయారు. "నాకెందుకు చెప్పలేదే? నన్ను ఎందుకు పిలవలేదు?" అని ఏడ్చారు. శ్మశానంలో అన్నయ్య పక్కన నిలబడింది ఆయనే. వరుసగా మూడు సాయంత్రాలు మా అమ్మ మా ఇంట్లో మళ్లీ మళ్లీ చనిపోయింది. నాలుగో రోజు నేను చెప్పడం మానేశాను. ఇప్పుడు పక్కన కూర్చుని, "అమ్మ ఈ వేళకు పప్పుచారు పెట్టేది కదా నాన్నా, ఇంగువ ఘుమఘుమలాడేది" అంటాను. ఆయన పప్పుచారు గురించి మొదలుపెట్టి అమ్మ గురించి ఎంతసేపైనా మాట్లాడతారు. నిజం దాచడం పాపమని పిన్ని నాతో వాదించింది. పిన్నిమీద గౌరవం ఉంది కానీ, రోజూ ఒక ముసలాయనకు పెళ్లాం చావు కబురు చెప్పడమే పుణ్యమైతే నాకు ఆ పుణ్యం వద్దు.

మా అన్నయ్యా ఇదే పని చేసేవాడు. హైదరాబాదు నుంచి వీడియో కాల్ చేసి "నాన్నా, నేనెవరిని?" అని అడిగేవాడు. ఎందుకడుగుతున్నాడో నాకు తెలుసు. ఇంకా తనను మరిచిపోలేదని ఆ నోటితో వినాలి వాడికి. ఆ భయం నాకూ ఉంది, పొద్దున తలుపు తీసిన ప్రతిసారీ ఉంది. కానీ మన భయం తీర్చే బరువు కూడా ఆయనమీదే వేస్తామా? ఒకరోజు ఈ మాటే వాడికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు ఫోను ఎత్తగానే "నాన్నా, నేను మీ పెద్దబ్బాయిని, హైదరాబాదు నుంచి" అని మొదలుపెడతాడు. రెండు నిమిషాల్లో తెగిపోయే మాటలు పావుగంట సాగుతున్నాయి.

ఎలా పలకరించాలో నాకు నేర్పింది యార్డులో హమాలీగా చేసిన ఒక పెద్దాయన. సంక్రాంతి తర్వాత వచ్చాడు. స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, తన పేరు చెప్పి, "గుమస్తాగారూ, నేను కాటా దగ్గర టిక్కీలు మోసేవాణ్నండీ. పండక్కి మీరు నాకు కొట్టులో అప్పు ఇప్పించేవారు" అన్నాడు. సంచిలోంచి ఒక ఎండుమిరపకాయ తీసి నాన్న చేతిలో పెట్టాడు. ఏమీ అడగలేదు. నాన్న దాన్ని చెవి దగ్గర పెట్టి ఆడించారు. తొడిమ తుంచి వాసన చూశారు. "తేజ రకమే" అన్నారు. "ఇంకా రెండెండలు పడాలి."

ఆ పెద్దాయన నవ్వి, "మావాడికీ అదే చెప్పానండీ, వినలేదు" అన్నాడు. గంటసేపు కూర్చున్నారిద్దరూ. నాన్న ఆయన్ను పేరు పెట్టి పిలవలేదు. ఆ రాత్రి మాత్రం హాయిగా నిద్రపోయారు.

మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో (జ్ఞాపకం, ఆలోచన దెబ్బతినే స్థితితో) ఉన్నారని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా. డిమెన్షియాకు అన్నిటికంటే ఎక్కువగా కారణమయ్యేది అల్జీమర్సే. మీరు శుభలేఖలు పట్టుకుని తిరిగే ఇళ్లలో మా నాన్న లాంటివాళ్లు ఇంకా ఉంటారు.

వచ్చే నెల ఆ పెళ్లికి నాన్నను తీసుకువస్తున్నాను. సన్నాయి మరీ దగ్గరగా లేని చోట, గోడ వైపు కూర్చుంటాం. ఆయన పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతాను. వచ్చి కూర్చోండి. మీ పేరు, ఊరు, వరుస మీరే చెప్పండి. ఆ తర్వాత ఈ ఏడు మిర్చి ధర ఎలా ఉందో మాట్లాడండి.